జమా - ఖర్చు: కమాన్ కట్ట చెప్పే లెక్క

ఈ శీర్షికలో ఇంతవరకు వడ్డీలు, పొదుపు, నామినేషన్లు మాట్లాడుకున్నాం. ఈసారి చేతికి కాస్త గ్రీజు అంటుకునే సంగతి. పికప్ బండి మీద బతుకుతున్న కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి కనుక పనికొస్తుందని రాస్తున్నాను.

నాందేడ్ నుంచి ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు వెళితే తెలుగు వినిపించే ఊళ్ళు బోలెడు. మా మేనల్లుడు ఆ దారుల్లోనే మిరప, పసుపు బస్తాలు తోలుతుంటాడు. బండి పాత జీపు తరహాది. ముందు చక్రాలకు కూడా కమాన్ కట్టలే. ఇక్కడి మెకానిక్కులు ‘పాటా’ అంటారు. కొన్నాళ్ళుగా ఆ బండి ఖాళీగా ఉన్నా ఎడమకు ఒరిగి నిలబడుతోంది. బ్రేకు వేస్తే ముక్కు వంగుతోంది. గుంటలో పడితే ఇనుముకు ఇనుము తగిలి ధన్‌మంటోంది.

అనుమానం తీర్చుకోవడానికి టేపు చాలు. చదునైన నేల మీద బండి నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవండి. మా బండికి ఎడమవైపు అంగుళంన్నర తక్కువ వచ్చింది. విల్లులా వంగి ఉండవలసిన పట్టాలు బల్లపరుపు అయిపోయాయి.

స్ప్రింగు ఎంత బరువుకు అంత వంగుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే పుస్తకం రాసి చెప్పాడు. బరువు తీస్తే మళ్ళీ లేస్తుంది. అయితే హద్దు మీరి మోపినా, ఏళ్ళ తరబడి గతుకులు తిన్నా పూర్తిగా లేవదు. మా కామర్స్ వాళ్ళు దీన్ని తరుగుదల అంటారు. పుస్తకంలో రాసుకున్నా, రాసుకోకపోయినా అది జరుగుతూనే ఉంటుంది.

మొన్న రెండో శనివారం బ్యాంకుకు సెలవు గదా, ఇద్దరం పెరట్లో పనికి దిగాం. ముందురోజు రాత్రే తుప్పు పట్టిన యూ బోల్టులకు నూనె పట్టించి ఉంచాం. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, వీల్ నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తాం. ఒక్క మాట గట్టిగా చెబుతాను: జాకీ ఉన్నది ఎత్తడానికే, మోయడానికి కాదు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి తల కూడా దూర్చవద్దు. ఇటుకల మీద ఆపడం ప్రాణాలతో చెలగాటం.

ఆ తరువాత ఇరుసు కింద రెండో జాకీ ఆనించాలి. షాక్ అబ్జార్బర్ కింది కొస, యూ బోల్టులు విప్పి, ఇరుసును మెల్లగా దించితే కట్ట బిగువు వదులుతుంది. బ్రేకు గొట్టం లాక్కుపోకుండా ఒక కన్ను దాని మీద ఉంచాలి. అప్పుడు రెండు కొసల పిన్నులు తీసి కట్టను దించుకోవచ్చు. కొత్త కట్ట ఎక్కించేటప్పుడు సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. యూ బోల్టులు, బుష్షులు కొత్తవే వేయాలి. రబ్బరు బుష్షులైతే బండి చక్రాల మీద నిలబడ్డాకే కొసల బోల్టులు పూర్తిగా బిగించాలి. ఒకవైపు ముగించాకే రెండోవైపు ముట్టుకోండి. రెండు వైపులా మార్చడం మాత్రం తప్పనిసరి. కాయిల్ స్ప్రింగుల బండైతే మెకానిక్కుకే అప్పగించండి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి దక్కడు.

పని సగంలో ఉండగా మావాడు అసలు మాట బయటపెట్టాడు. “మావయ్యా, ముందూ వెనకా చెరో పట్టా ఎక్కువ వేయిస్తే ఇంకో పది బస్తాలు లాగదా?”

“లాగుతుందిరా. మరి బ్రేకులు కూడా ఎక్కువ వేయిస్తావా? ఇరుసు, టైర్లు మారుస్తావా?” అన్నాను.

పట్టా పెరిగితే బండి ఒరగడం కనపడదు, అంతే. భారం మాత్రం ఎక్కడికీ పోదు. ఎంత మోయాలో రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసే ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. పది బస్తాల కిరాయి ఎన్ని ట్రిప్పులు కూడబెడితే ఆ మొత్తం తేలుతుందో వాడి చేతనే కాగితం మీద వేయించాను. ఆ బండే వాడి ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు. వాడు మారు మాట్లాడలేదు. కంపెనీ లెక్క ప్రకారం ఎన్ని పట్టాలో అన్నే బిగించాం.

సాయంత్రం కొలిస్తే రెండు వైపులా సమానం. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. ముందు చక్రాల అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల వాలు కూడా చూపించుకోవాలి. ఇంకో సలహా: ప్రతి ట్రిప్పు కిరాయిలో కొంత తీసి తరుగుదల పేరిట వేరే ఖాతాలో వేయండి. కట్ట కుంగిన రోజున అప్పు కోసం మా కౌంటరు దగ్గరకు రావలసిన పని ఉండదు.

వచ్చే సంచికలో వాహన బీమా సంగతులు చూద్దాం.