మసిగుడ్డ చాలునా?

మన గృహములలో ననేకమునందు దినదినమును జరుగుచున్న యొక సాహసకార్యము కలదు. దానిని చేయువారు మన తల్లులు. మెచ్చుకొనువారు మాత్రము లేరు. అది గంజి వార్చుట. పిడి లేని గిన్నెను, అన్నము కుతకుత నుడుకుచుండగానే, మసిగుడ్డతోనో పైటచెంగుతోనో పట్టి, బొటనవ్రేళ్లతో మూతను నొక్కి వంచవలయును. గుడ్డ జారినచో గంజి పాదములమీద పడును.

దీనిని నేను పుస్తకములలో చదివి వ్రాయుట లేదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక యుదయమున, పాఠశాలకు వేళ మించుచున్నదని నేను తొందరపెట్టుచుండగా, నా భార్య చేతికందిన తడిగుడ్డతో గిన్నెను దింపెను. చేయి చురుక్కుమనెను, గిన్నె జారెను, పాదము బొబ్బలెక్కెను. “చూచుకొనవలదా?” అని నేనంటిని. ఆ మాటకు నేడును సిగ్గుపడుచున్నాను. తప్పు ఆమెది కాదు. గుడ్డలోని తడిది, తొందరపెట్టిన నాది.

పొడిగుడ్డ చేతిని కాపాడుట దాని పోగుల నడుమ నిలిచిన గాలివలననే. గాలి వేడిమిని మిక్కిలి మెల్లగా ప్రసరింపజేయును. గుడ్డ తడిసినచో ఆ గాలి యున్న చోట నీరు చేరును. నీరు గాలికంటె 20 రెట్లకు మించి వేడిమిని ప్రసరింపజేయును. పైగా కాగి, ఆవిరియై చర్మమును కాల్చును. ఇక పైటచెంగు పొయ్యిమంటకే వ్రేలాడును.

ఇప్పుడు బజారులో సిలికోను పట్టులు దొరకుచున్నవి. సిలికోనను పేరును ఇంగ్లండు దేశమున నాటింగుహాములో పనిచేసిన కిప్పింగు అను రసాయనశాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది యారంభమున వాడెను. ఇసుకలో నుండు సిలికను, ప్రాణవాయువు అను రెండు మూలపదార్థముల పరమాణువులు ఇందు గొలుసువలె కూడి యుండును. ఇది రబ్బరువలె మెత్తనిది, నీటిని పీల్చదు, పట్టు జారనీయదు, సాధారణముగా 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చెడదు. వ్రేళ్లు దూర్చుకొను చిన్న పట్టులు రెండున్నచో గిన్నె యంచును పట్టుకొనియే మూతను నొక్కవచ్చును.

“మా అమ్మమ్మలు మసిగుడ్డతోనే వండలేదా?” అని కొందరందురు. వండిరి; కాని వారి చేతులమీది మచ్చలను మనమెన్నడైన చూచితిమా? “పట్టకారు లేదా?” అని మరికొందరందురు. చిన్న గిన్నెకు అది చాలును. నిండు గిన్నెను ఒక ప్రక్కనే పట్టి యెత్తినచో అది వంగి ఒలుకును. ఖర్చని వెనుదీయువారు వైద్యుని ఖర్చును కూడ తలంపవలయును.

అయినను పట్టు కొన్నంతనే యపాయము తొలగదు. మంట వేడిమి 1000 డిగ్రీలకు మించును గనుక సిలికోనును మంటకు తాకనీయరాదు, చిరిగినదానిని వాడరాదు. పాత్రను దింపుటకు ముందే దానిని పెట్టు చోటు చూచుకొని, పసిపిల్లలను దూరముగా నుంచవలయును. కొనలేనివారు మందపు పొడిగుడ్డను మడతలుగా కుట్టి, నీటికి దూరముగా మేకునకు తగిలించుకొనవలయును. ఒకవేళ కాలినచో సిరా, నేయి మొదలగునవి పూయక, 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, బొబ్బలెక్కినచో వైద్యునికి చూపవలయును.

విద్యార్థులారా! వంట తల్లిపని, చదువు మనపని అని యెంచకుడు. బాలురును గంజి వార్చుట నేర్వవలసినదే. ఈ సంచికను ఇంటికి తీసికొనిపోయిన దినముననే వంటింటి మసిగుడ్డను తాకి చూడుడు. తడిగా నున్నచో ఎండవేయుడు. మనకు అన్నము పెట్టు చేతికి మనము చేయదగిన మొదటి సేవ అదియే.