చీరకు జేబేదీ?

అయిజ చుట్టుపక్కల సీడ్ పత్తిచేలల్లో క్రాసింగ్ చేసే ఆడవాళ్ల ఫోను ఎక్కడుంటుంది? బొడ్లో, చెమటలో! గట్టి ఫోన్లని అమ్మేవేమో ఇటుకంత బరువు, ప్యాంటు జేబు కొలతకు చేసినవి. ‘ఐపీ 67’ రకం మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందట. మంచిదే. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతో. చెమటకూ మందునీళ్లకూ పూచీ ఎవరిది? తడిచేతికి తెర సరిగా పలకదు కూడా.

2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత పనులు మినహా ఉపాధి హామీ పనుల్లో ఫోన్ ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. మేటమ్మ ఫోను తడిస్తే అందరి కూలికీ ఎసరే కదా!

తేలిగ్గా, మెడలో తాడుతో, పక్కన పెద్ద మీట నొక్కితే ఫొటో తీసేలా చేయలేరా? గీసే ఇంజినీర్లు ఒక్కపూట చీరకట్టి నాట్లేస్తే సరి! ధర మాత్రం నెల కూలి దాటితే కొనేదెవరు?