కేబుల్ మీద వేగం ఎందుకు రాయరు?

పెళ్లిళ్ల సీజన్ వస్తే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి స్టూడియోలకు పెళ్లివారు సొంత హార్డ్‌డిస్క్‌లు పట్టుకుని వస్తారు. రెండు కెమెరాలు, ఒక డ్రోన్ తీసిన ఫుటేజీ 200 జీబీ కావడం వింతేమీ కాదు. యూఎస్‌బీ 2.0 మీద అది కాపీ కావడానికి గంటంబావు దాటుతుంది. 10 గిగాబిట్ల పోర్టు, తగిన కేబుల్, మంచి ఎస్‌ఎస్‌డీ ఉంటే నాలుగైదు నిమిషాల పని. చిక్కల్లా, ఆ రెండు రకాల కేబుళ్లూ చూపుకు ఒకేలా ఉండటమే.

తేడా లోపలి తీగల్లో ఉంది. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0లో నాలుగే తీగలు: రెండు కరెంటుకు, రెండు డేటాకు. ఆ ఒక్క జత మీదే డేటా వంతులవారీగా వస్తూ పోతూ ఉండాలి. సెకనుకు 480 మెగాబిట్లంటే 60 మెగాబైట్లు. ఆచరణలో 40 దక్కితే గొప్ప. 2008 నాటి 3.0 మరో ఐదు తీగలు చేర్చి, రాకకు ఒక జత, పోకకు ఒక జత కేటాయించింది. వేగం 5 గిగాబిట్లకు చేరింది. 2019లో యూఎస్‌బీ4 దాన్ని 40కి తీసుకెళ్లింది.

టైప్-సి అనేది కనెక్టర్ ఆకారమే తప్ప వేగానికి హామీ కాదు. 24 పిన్నుల ఆ మూతి వెనుక చాలా చార్జింగ్ కేబుళ్లలో 2.0 తీగలే ఉంటాయి. 2023లో విడుదలైన ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్లు అందుకోగలదు. పెట్టెలో ఇచ్చిన కేబుల్ మాత్రం 480 మెగాబిట్లదే.

కేబుల్ మారిస్తే అన్నీ సర్దుకుంటాయనీ కాదు. పోర్టు, కేబుల్, డిస్క్‌లలో ఏది నెమ్మదిదైతే మొత్తం పని దాని వేగంతోనే నడుస్తుంది. తిరిగే పళ్లెం ఉన్న మామూలు హార్డ్‌డిస్క్‌కు ఎంత ఖరీదైన కేబుల్ తగిలించినా ఆ 200 జీబీకి అరగంట పడుతుంది. లోపం ఎక్కడుందో తెలియాలన్నా ముందు అంకె కనబడాలి.

పేర్లు చూసి తెలుసుకుందామంటే అదీ కుదరదు. 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆపై 3.2 జెన్ 1 అన్నారు. ఈ గందరగోళం గుర్తించే యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ 2022లో ప్యాకెట్ మీదా కేబుల్ మీదా వేగాన్నే అంకెల్లో వేయమంది. అయితే అది సూచనే, చట్టం కాదు.

మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ టైప్-సికి భారతీయ ప్రమాణం ఇచ్చింది. అన్ని పరికరాలకూ ఒకే చార్జర్ ఉంటే ఈ-వ్యర్థాలు తగ్గుతాయన్న ఆలోచన మంచిదే. ఆకారం ఒకటయ్యేకొద్దీ లోపలి తేడా చెప్పాల్సిన బాధ్యత పెరుగుతుంది. 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా ఉండాల్సిందే. పప్పు పొట్లం మీద బరువు లేకపోతే ఒప్పుకోని చట్టం, కేబుల్ విషయంలో ఎందుకు ఊరుకోవాలి? ఆ జాబితాలో రెండు అంకెలు చేర్చాలి: ఎన్ని గిగాబిట్లు, ఎన్ని వాట్లు. అవే అంకెలు కేబుల్ మూతి మీదా చెక్కించాలి. ప్యాకెట్ చించేశాక మిగిలేది కేబులే కదా.