“మీదా?” అని అడిగేవాళ్లకి

పోస్టు కొంచెం పొడవుగా ఉంటాది, తీరికున్నప్పుడు చదవండి. విషయం ఒక కుక్క గురించి. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పెట్టుకొని వీళ్లకి కుక్క గోల ఏటి అనుకోవద్దు. రెండు నెలలుగా కడుపులో ఉన్న మాట ఇది.

సాలూరు అంటే లారీల ఊరని మీ అందరికీ తెలుసు. మా రూంమేటు వాళ్ల నాన్న ఇక్కడే ఒక లారీ షెడ్డులో వాచ్‌మన్. మేమంతా బాబాయి అంటాం. పాచిపెంట మండలంలో కొండ మీది ఊరు ఆయనది. షెడ్డు ఓనరు గారు పిల్లలు అడిగారని ఒక గ్రేట్ డేన్ పిల్లని కొన్నారు. అది పది నెలలకే పెద్దయిపోయింది. వాళ్లు విశాఖలో అపార్ట్‌మెంటుకి మారిపోయారు. లిఫ్టులో పట్టదు, పక్క ఫ్లాటు వాళ్లు ఒప్పుకోరు. వెళ్లేటప్పుడు గొలుసు, గిన్నె, టీకాల పుస్తకం బాబాయి చేతిలో పెట్టి “నువ్వే ఉంచుకో, నీ మాటే వింటాది” అన్నారు. అప్పటినుంచి ఏడాదిన్నరగా రాకీ బాబాయి దగ్గరే. ఆదివారం పొద్దున్న మేము హాస్టల్ నుంచి వెళ్లి వేగావతి ఒడ్డు దాకా తిప్పుతాం.

చూడనివాళ్ల కోసం చెప్తున్నాం. నిలబడితే వీపు మా నడుము దాకా వస్తాది. పాత ఇనుము కొట్లో కాటా మీద ఎక్కిస్తే 61 కిలోలు తూగింది. మాలో ఇద్దరం అంత తూగం. ఒళ్లంతా గోధుమ రంగు, మూతి నలుపు. ఉరుమితే మాత్రం బాబాయి నవారు మంచం కింద దూరాలని చూస్తాది. తల పడతాది, మిగతాది బయటే.

రోడ్డెక్కితే ఇక మొదలు. “ఇదేటి బావూ, కుక్కా దూడా?” ఇది అందరూ అడుగుతారు, మేమూ నవ్వుతాం. “జీను ఎక్కడరా?” దీనికీ నవ్వుతాం, మొదటి ఇరవై సార్లు నవ్వాం. “రోజుకి ఎన్ని కేజీల మటన్?” “పచ్చి మాంసం పెట్టకండి, మనిషి రక్తం మరుగుతాది.” “పచ్చి మాంసమే పెట్టండి, లేకపోతే కాపలాకి పనికిరాదు.” ఈ రెండు మాటలూ ఒకే టీ కొట్టు దగ్గర, ఒకే పొద్దున్న విన్నాం. ఇంకొకాయన రాత్రిపూట ఒక పెగ్గు పొయ్యమన్నాడు, బలం వస్తాదట. కుక్క ఒంటికి మందు విషం అని చెప్తే “మీకేం తెలుసురా” అన్నాడు. ఆయనకి బాగా తెలిసినట్టే ఉంది, ఆ టైంకే వాసనొస్తున్నాడు.

సలహాలు ఇచ్చేవాళ్లు ఎక్కువ, అడిగి తెలుసుకొనేవాళ్లు తక్కువ. చెవులు కోయించండి, అప్పుడు నిక్కబొడుచుకొని భయంగా ఉంటాది అంటారు. ఈ జాతికి పుట్టుకతో చెవులు వాలే ఉంటాయి. అందం కోసం కోసేదే గానీ దానికి ఒరిగేది ఏమీ లేదు. జంతువు అంగాన్ని అలా కోసి పాడుచెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో నేరం. కుక్కల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం కూడా అదే చట్టంలో నేరం. ఈ మాట ఎందుకంటే, “పందెం పెడదాం, మీకు సగం” అని ఒకడు నిజంగానే బేరానికి వచ్చాడు. చిన్నప్పుడే కాల్షియం బాగా పట్టించాల్సింది అని ఒకావిడ చాలా ప్రేమగా చెప్పింది. ఆవిడ మనసు మంచిదే. కానీ ఇంత పెద్ద జాతి పిల్లలకి అదనంగా కాల్షియం పోస్తే ఎముకలు బాగుపడవు, వంకర తిరుగుతాయి. పశువుల డాక్టరు గారు మాకు మొదట చెప్పింది అదే.

పేరులో డేన్ ఉంది కాబట్టి డెన్మార్క్‌ది అనుకుంటారు, అసలు ఇది జర్మనీలో తయారైన జాతి. అక్కడి దొరలు అడవిపంది వేటకి దీని పూర్వీకుల్ని పెంచారు. ఈ సంగతి చదివినప్పుడు మాకు భలే సంతోషం వేసింది. మా ఊళ్లల్లో కుక్క ఎందుకుంటాది? పోడు మీద పడే పందిని తరమడానికే కదా. మన కొండ కుక్కలకి ఇది దూరపు చుట్టం అన్నమాట. తేడా ఏటంటే అడవిపందిని చూస్తే మన కుక్క వెంటపడతాది, రాకీ మా వెనక్కి వచ్చి నిలబడతాది. వేటతనం తగ్గేలా, ఇంట్లో మనుషులతో మసిలేలా వందేళ్లకి పైగా పెంచుతూ వచ్చారు మరి. పెద్ద ఒళ్లు చూసి కరుస్తాదని లెక్కగట్టడం, నల్లని ఒళ్లు చూసి మనుషుల్ని లెక్కగట్టడం లాంటిదే.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. భయపడేవాళ్ల మీద మాకు కోపం లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన 23 ఏళ్ల కుర్రాడు పెంపుడు కుక్క మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మన వయసువాడే. మరుసటి నెలలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసినవాళ్లు ఏ కుక్కని చూసినా పిల్లల్ని ఎత్తుకుంటారు, ఎత్తుకోవాలి కూడా. తల్లులు ఎదురొస్తే మేమే గొలుసు పొట్టిగా పట్టుకొని రోడ్డు దాటి అటు వెళ్తాం. రాకీ మంచిదని మాకు తెలుసు, ఆవిడకి ఎలా తెలుస్తాది? 61 కిలోలున్న కుక్క ఆటకి మీద పడినా చిన్నపిల్లకి దెబ్బే. గొలుసు పట్టుకున్నవాడిదే బాధ్యత.

నిషేధం గురించి కూడా చాలామంది చెప్తారు. “గవర్నమెంటు బ్యాన్ చేసింది కదా, పోలీసులు పట్టుకుపోతారు.” 2024 మార్చి 12న కేంద్రం 23 రకాల కుక్కలకి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి ఉత్తరం రాసిన మాట నిజం. పిట్‌బుల్, రాట్‌వీలర్, అకితా లాంటివి అందులో ఉన్నాయి. గ్రేట్ డేన్ పేరు లేదు. ఆ ఉత్తరాన్ని కూడా కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది, సంబంధం ఉన్నవాళ్లని అడక్కుండా రాశారని. ఇది మేము ఫోన్లో సేవ్ చేసి పెట్టుకున్నాం. ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో ఇప్పుడు చెప్తాం, ఈ పోస్టు అసలు దాని గురించే.

రెండు నెలల కిందట ఒక ఆదివారం, పెట్రోల్ బంకు దగ్గర ఒకాయన బైకు ఆపాడు. ముందు మామూలుగానే అడిగాడు, ఏ జాతి, ఎన్నేళ్లు అని. తరవాత “ఓనరు ఎవరు?” అన్నాడు. మాదే సార్ అన్నాం. ఆయన కుక్కని చూశాడు, మా చెప్పులు చూశాడు, మా మొహాలు చూశాడు. “మీదా?” అన్నాడు.

అంతే మాట. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ “మీదా?”లో ఏం ఉందో ఈ గ్రూపులో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏ హాస్టల్ అని అడిగాడు, ఫొటో తీశాడు. మేము షెడ్డుకి తిరిగి వెళ్లేసరికి అక్కడ ఇద్దరు కూర్చొని ఉన్నారు. కుక్క ఎక్కడినుంచి వచ్చిందని బాబాయిని అడుగుతున్నారు. బాబాయి టీకాల పుస్తకం చూపించాడు. అందులో పాత ఓనరు పేరుంది, ఇంకేం, అనుమానం రెట్టింపు. చివరికి విశాఖకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆయన “అవును, నేనే ఇచ్చాను” అన్నాకే లేచారు. సారీ అని ఒక్కరూ అనలేదు. వెళ్తూ ఒకాయన, “కొండోళ్లకి ఎందుకు ఇచ్చాడో, లక్ష రూపాయల కుక్క” అన్నాడు. లక్ష అని ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. కుక్క రేటు విషయంలో జనం దేన్నైనా నమ్ముతారు. 2025లో బెంగళూరులో ఒకాయన 50 కోట్లకి కుక్కని కొన్నానంటే దేశమంతా నమ్మింది, ఈడీ వాళ్లు సోదా చేశాక అది ఉత్తమాటని వార్తలొచ్చాయి. 50 కోట్ల మాట నమ్మేశారు. వాచ్‌మన్‌కి ఒక కుక్క ఉందంటే మాత్రం ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆ రోజు బాబాయి మాతో ఏమీ మాట్లాడలేదు. తరవాతి ఆదివారం చూస్తే టీకాల పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంది. పాత ఓనరు చేత ఒక తెల్లకాగితం మీద రాయించి తెప్పించుకున్నాడు, కుక్కని ఇష్టపూర్వకంగా ఇచ్చానని, సంతకంతో. మా కడుపు తరుక్కుపోయింది. తాతలనాటి పోడు మాది అంటే కాగితం చూపించమన్నారు, 2006లో చట్టం వచ్చాక కూడా పట్టా కోసం మా ఇళ్లల్లో ఎన్నిసార్లు తిరిగారో మాకు తెలుసు. కులం మాది అంటే కాగితం. సీటు మాది అంటే “రిజర్వేషనా?” అని ఒక నవ్వు. ఇప్పుడు కుక్క మాది అన్నా కాగితమే. మా ఇళ్లల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. అడ్మిషన్ రోజున కూడా ఒకళ్లు ఇలాగే మార్కుల లిస్టు చూసి మళ్లీ మమ్మల్ని చూశారు, “ఇవి నీవేనా?” అని. ఆ చూపు, బంకు దగ్గరి చూపు ఒక్కటే.

మనవాళ్ల మాట కూడా రాయాలి, లేకపోతే ఈ పోస్టు సగమే అవుతాది. ఒక సీనియర్ అన్న మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు. “మన ఊళ్లల్లో ఇంకా గర్భిణిని డోలీలో మోస్తున్నారు. ఆ కుక్కకి పెట్టే గుడ్లు ఒక పిల్లకి పెట్టొచ్చు కదా. మనకెందుకురా ఈ షోకు?” ఈ మాటకి మాకు కోపం రాలేదు, నిద్ర పట్టలేదు. ఆలోచించాం. బాబాయి దాన్ని కొనలేదు. దొరికింది. వద్దంటే దాన్ని ఏ ఘాట్ రోడ్డులోనో వదిలేసేవాళ్లు. నగరాల్లో పెద్ద జాతి కుక్కల్ని అలా వదిలేయడం కొత్తేం కాదు. రోజూ దానికి పెట్టేది చోడి అంబలి, అన్నం, రెండు గుడ్లు, కోడి కొట్లో మిగిలిన కందనకాయలు ఉడకబెట్టి. బాబాయి తాగడు, బీడీ కూడా లేదు. ఆ డబ్బే దీనికి. డోలీ పోవాలంటే రోడ్డు రావాలి, దానికి మనం కలెక్టరేటు దగ్గర కూర్చోవాలి, కూర్చుంటాం. ఒక వాచ్‌మన్ రెండు గుడ్లు మానేస్తే రోడ్డు రాదు. అయినా అన్న మాటలో ముల్లు ఉంది, పూర్తిగా తీసెయ్యలేం. ఒప్పుకుంటున్నాం. కానీ పేదవాడికి ఇష్టం అనేది ఉండకూడదా? అన్నం, మందులు, ఫీజు, ఇంతవరకేనా మనకి హక్కు?

అమ్మేయమని చెప్పేవాళ్లు కూడా మంచి ఉద్దేశంతోనే చెప్తారు. “కొడుకు ఫీజుకి వస్తాది కదా.” మా రూంమేటుకి నిజంగానే ఫీజు కట్టాల్సి ఉంది. పిల్లలు తీయించడానికి కావాలని ఒకాయన మంచి రేటే చెప్పాడు. ఆ రాత్రి తండ్రీకొడుకులు షెడ్డు బయట కూర్చొని మాట్లాడుకున్నారు. పొద్దున్న వాడు వచ్చి “అమ్మటం లేదురా” అన్నాడు. ఎందుకని అడిగితే, “నాన్న చెప్పాడు, వాళ్లు దానికి అన్నం ఎన్నిసార్లు పెట్టాలో కూడా అడగలేదంట” అన్నాడు.

అది చిన్న విషయం కాదు. ఈ జాతికి ఛాతీ లోతుగా ఉంటాది. ఒక్కసారే గిన్నెడు తిని పరిగెడితే పొట్ట ఉబ్బి మెలిక పడతాది, కొన్ని గంటల్లోనే ప్రాణం పోతాది. అందుకే పూటకి కొంచెంగా పెడతాం, తిన్నాక గంట కదలనివ్వం. దారిలో ఎవరైనా బిర్యానీ బొక్కలు వేస్తే లాక్కుంటాం, ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటాది. పిల్లలు చాక్లెట్ ఇవ్వబోతే వద్దంటాం. అప్పుడు “పొగరు” అంటారు. ఇంకో సంగతి, ఇంత పెద్ద కుక్కలు ఎక్కువ కాలం బతకవు. ఎనిమిదేళ్లు, మహా అయితే పది. రాకీకి రెండున్నర. బాబాయికి ఇది తెలుసు, దాని గురించి మాట్లాడడు.

ఇన్ని నెలల్లో సరైన ప్రశ్న అడిగింది ఒక్క మనిషే. బస్సు కాంప్లెక్సు దగ్గర అడ్డాకులు అమ్ముకొనే ముసలమ్మ. ఏప్రిల్ ఎండ. రాకీ నాలుక వేలాడేసుకొని వగరుస్తోంది. ఆవిడ దూడా అనలేదు, గుర్రం అనలేదు, రేటు అడగలేదు. “దీనికి ఎండ పడతాదా నాయనా?” అంది. పడదు అవ్వా అన్నాం. తను తాగే సీసాలో నీళ్లు ఆకుదొప్పలో పోసి దాని ముందు పెట్టింది. తాగాక మూతి తుడుచుకోవడానికి ఆవిడ చీరే దొరికింది దానికి. “పోనీలే” అంది.

ఆదివారం పొద్దున్న ఐదున్నరకి షెడ్డు దగ్గరనుంచి బయలుదేరతాం, ఎండ ఎక్కకముందే. సాలూరులో ఉన్నవాళ్లు రండి. ముట్టుకోవాలంటే ముందు బాబాయిని అడగండి, ఎదురుగా వంగి తల మీద చెయ్యి వెయ్యకండి, పక్కనుంచి రండి. బొక్కలు తేవొద్దు. గుడ్లు తెస్తే ఉడకబెట్టి తెండి.