తరగతి గదిలో లారీ డ్రైవరు

సాలూరు వంటి ఊళ్లో ఉపాధ్యాయుని నోట రాకూడని మాట ఒకటి ఉన్నది. “చదువకపోతే లారీ మీద క్లీనరుగా పోతావు” అన్నదే ఆ మాట. చాలా ఏళ్ల క్రిందట నేనూ దానిని అన్నాను. తరగతి అంతా నవ్వింది. వెనుక వరుసలోని ఒక విద్యార్థి మాత్రం తల వంచుకొని, పుస్తకం అంచును గోటితో గీరుతూ కూర్చున్నాడు. వాని తండ్రి లారీ డ్రైవరని తరువాత తెలిసింది. ఏ సంపాదనను నేను హేళన చేశానో, ఆ సంపాదనతోనే వాడు నా యెదుట కూర్చుని చదువుకుంటున్నాడు. నాటినుండి ఆ మాట మానుకున్నాను. మానుకున్నంత మాత్రాన బాకీ తీరిందని అనుకోలేను.

వేగావతి ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి లారీయే ఆధారం. లారీల సంఖ్యలో రాష్ట్రంలో విజయవాడ తరువాత సాలూరే అని ప్రతీతి. చాసిస్ కొని తెచ్చి ఇక్కడి షెడ్లలో బాడీ కట్టించుకుంటారు. వడ్రంగి, వెల్డింగు పనివాడు, రంగులు వేసేవాడు, టైర్లకు పంక్చరు వేసేవాడు, అందరి పొయ్యీ లారీ చక్రం తిరిగితేనే వెలుగుతుంది. ఆ చక్రం తిప్పేవానికి మాత్రం మన మాటల్లో మర్యాద లేదు.

అతనికి చదువు లేదనడం ఎంతవరకు నిజం? సాలూరు దాటి సుంకి మీదుగా కొరాపుట్ వైపు సాగే రహదారికి ఒకప్పుడు 43, ఇప్పుడు 26 నంబరు. నంబరు మారినా కొండ మారలేదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగవలెనన్నది డ్రైవర్ల సూత్రం. బరువు బండిని ఇంజనే పట్టి ఉంచాలి. అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పుతుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రలులో దించినవానికి ఇంజను తోడు ఉండదు. మనం నల్లబల్ల మీద వ్రాసే ఘర్షణ, ఉష్ణం అనే పాఠాలే ఇవి. మన విద్యార్థి తప్పు వ్రాస్తే రెండు మార్కులు పోతాయి. అక్కడ తప్పితే ప్రాణం పోతుంది.

గౌరవం లేనిచోట హక్కు కూడా నిలువదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని ఉండరాదనీ, ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం విధించింది. 1988 మోటారు వాహనాల చట్టమూ ఆ హద్దునే నిలిపింది. కాని ట్రిప్పు లెక్కన కూలి ముట్టేచోట గడియారాన్ని ఎవరు చూస్తారు? యజమానిని ఒక్కణ్ణే నిందించి లాభం లేదు. అప్పు చేసి ఒకే లారీ కొన్నవానికి వాయిదాల తొందర. వర్తకునికి సరుకు తొందర. మనకు అంగడిలో వస్తువు తొందర. ఇందరి తొందరా చివరకు డ్రైవరు కనురెప్పల మీద వాలుతుంది. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు 2025లో ఎయిర్ కండిషన్ కేబిన్ తప్పనిసరి అయినది. సంతోషమే. కాని చల్లగాలి నిద్రకు ప్రత్యామ్నాయం కాదు.

చదువు వద్దని నా భావం కాదు. తన బిడ్డ చదువుకోవాలని అందరికంటె ఎక్కువగా కోరుకునేది ఇల్లు విడిచి రోజుల తరబడి దారిలో ఉండే ఆ తండ్రియే. చదువు గొప్పతనం చెప్పడానికి మరొకరి వృత్తిని తక్కువ చేయనక్కరలేదు. నేటి విద్యార్థులలోనే రేపటి వర్తకులు, లారీ యజమానులు, అధికారులు ఉన్నారు. తరగతిలో డ్రైవరును చూసి నవ్వడం నేర్చినవాడు, రేపు అతడు ఎన్ని గంటలు నిద్రపోయాడని అడుగుతాడా?

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక్కనాడు మీ ఊరి డ్రైవరును బడికి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఘాటు రోడ్డు ఎలా దిగుతాడో పిల్లలకు చెప్పమనండి. ఆ గంట మనం వెనుక బల్ల మీద కూర్చుని విందాం.