చెబితే వినే జ్ఞానం

ప్రియమైన పిల్లలకు,

మొన్న యవ్వనస్థుల కూడికలో మీలో ఒక అబ్బాయి లేచి ఒక ప్రశ్న అడిగాడు. "తాతగారూ, పాస్టరుగారేమో ఈ లోక జ్ఞానం దేవుడి ముందు వెర్రితనం అంటారు. ఇంట్లో నాన్నేమో లోకజ్ఞానం లేకపోతే బతకలేవురా అంటాడు. మేం ఎవరి మాట వినాలి?" అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, ప్రార్థన చేసుకో బాబూ అని కూర్చోబెట్టాను. ఇంటికొచ్చి పడుకున్నాక గాని తెలియలేదు, ఆకలని వచ్చినవాడికి చెయ్యి కడుక్కోమని చెప్పి పంపేశానని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే. పరీక్షలున్నవాళ్లు తర్వాత చదువుకోండి.

ముందు నాన్న తరఫున నాలుగు మాటలు. చదువు, పనితనం, లెక్కలు, నలుగురిలో మసలుకునే నేర్పు, వీటిని బైబిలు ఎక్కడా చిన్నచూపు చూడలేదు. నిర్గమకాండం 31వ అధ్యాయం తీయండి. అక్కడ దేవుడు తన ఆత్మతోను జ్ఞానంతోను నింపానని చెబుతున్నది యాజకుణ్ణి గురించి కాదు, ప్రవక్తను గురించీ కాదు. బెసలేలు అనే పనివాణ్ణి గురించి. బంగారం, వెండి, ఇత్తడి పనులు చేసేవాడు, రాళ్లు చెక్కేవాడు, కర్ర పని తెలిసినవాడు. దానియేలు, అతని స్నేహితులు బబులోనులో కల్దీయుల విద్య నేర్చుకున్నారు. పాపమని మానుకోలేదు. లూకా సువార్త 16వ అధ్యాయంలో యజమాని సొమ్ము పాడుచేసిన గృహనిర్వాహకుడు ఉద్యోగం ఊడే ముందు చూపించిన తెలివిని ప్రభువే ఉదాహరణగా ఎత్తి చూపాడు. కాబట్టి ఇంజనీరింగు లోకసంబంధమూ, ఉపవాస ప్రార్థన దైవసంబంధమూ అని గీత గీసుకోకండి. గీత అక్కడ లేదు.

మరెక్కడుంది? నాకు తెలిసినంతలో దాన్ని స్పష్టంగా చూపించినవాడు యాకోబు. ఆయన పత్రిక 3వ అధ్యాయం చివరి ఆరు వచనాలు. జ్ఞానం రెండు రకాలంటాడు. ఒకటి కింది నుంచి పుట్టేది. అది ఉన్నచోట అసూయ, నేనే ముందుండాలనే తగువు, గందరగోళం ఉంటాయి. రెండోది పైనుంచి వచ్చేది. దాని గుణాలు వరసగా చెబుతాడు: పవిత్రత, సమాధానం, మృదుత్వం, కనికరం, మంచి ఫలాలు, పక్షపాతం లేకపోవడం, వేషం లేకపోవడం. ఈ వరసలో జ్ఞాపకశక్తి లేదు, వాక్చాతుర్యం లేదు, ర్యాంకు లేదు. ఎంత తెలుసన్నది ఆయన అడగనే లేదు. నీ తెలివి ఉన్నచోట చుట్టుపక్కల ఏం మొలుస్తోందని అడిగాడు.

ఆ వరస మధ్యలో ఇంకో గుణం ఉంది. చదివేటప్పుడు మనం దాటేసి వెళ్లిపోతాం. నచ్చజెబితే ఒప్పుకునే గుణం, ఎవరైనా చెబితే వినే గుణం. గ్రీకులో దానికి వాడిన మాట కొత్త నిబంధన మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. నేను మీతో చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. మనిషి తెలివి పైనుంచి వచ్చిందో కింది నుంచి పుట్టిందో అతను మాట్లాడుతున్నప్పుడు తెలియదు. అతనికి ఒకరు చెప్పినప్పుడు తెలుస్తుంది. అతని మాట చెల్లని రోజున తెలుస్తుంది.

ఇద్దరు మనుషుల్ని చూడండి.

మొదటివాడు అహీతోపెలు, దావీదు రాజు మంత్రి. ఆయన సలహా అడిగితే దేవుణ్ణి అడిగినట్టే ఉండేదని రెండో సమూయేలు గ్రంథం చెబుతుంది. లేఖనంలో ఇంతటి మెప్పు పొందిన సలహాదారు మరొకడు నాకు కనపడలేదు. దావీదు కొడుకు అబ్షాలోము తండ్రిమీద తిరగబడినప్పుడు ఈయన కొడుకు పక్షం చేరాడు. ఎందుకు చేరాడో గ్రంథం నోరువిప్పి చెప్పదు గాని, పేర్ల జాబితాలు కలిపి చూసి, ఊరియా భార్య బత్షెబ ఈయన మనవరాలే అయివుంటుందని కొందరు పండితులు అంటారు. అదే నిజమైతే, దావీదు ఆ ఇంటికి చేసిన అన్యాయం తాలూకు పాత మంట కడుపులో ఉంది. పన్నెండు వేల మందిని ఇవ్వండి, ఈ రాత్రికే తరిమి, అలసిపోయి ఉన్న రాజు ఒక్కణ్ణే కొడతాను, మిగతా జనం మీ వెంట వస్తారన్నాడు. యుద్ధనీతిగా చూస్తే సరైన సలహా. గ్రంథకర్త కూడా దాన్ని మంచి ఆలోచనే అన్నాడు. కానీ మరో సలహాదారు హూషై వచ్చి, తొందరపడొద్దు, దాను నుంచి బెయేర్షెబా దాకా జనాన్ని పోగుచేయండి అంటే సభ అటు మొగ్గింది. తన మాట చెల్లలేదని చూసి అహీతోపెలు గాడిదకు గంత కట్టాడు. సొంత ఊరికి వెళ్లాడు. ఇంటి వ్యవహారాలు చక్కబెట్టాడు. ఉరి వేసుకున్నాడు. అబ్షాలోము ఓడిపోతాడని అప్పుడే లెక్క కట్టి ఉంటాడని అనేవాళ్లున్నారు. కావచ్చు. కానీ గ్రంథం చెప్పిన కారణం ఒకటే, తన ఆలోచన జరగకపోవడం. ఇల్లు చక్కబెట్టుకునేంత తెలివి ఆఖరి గడియ వరకూ ఉంది. మాట చెల్లని మనిషిగా బతకడం మాత్రం ఆ తెలివికి చేతకాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజుల్లో మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీలో ఎవరైనా ఆ చీకటికి దగ్గరగా ఉంటే ఈ ఉత్తరం పక్కన పడేసి ముందు ఒక మనిషితో మాట్లాడండి. అర్ధరాత్రైనా నా తలుపు తట్టండి. అహీతోపెలు కథ మిమ్మల్ని నిందించడానికి కాదు చెప్పింది. ఆయన ఇంటికెళ్లే దారిలో పిలిచి కూర్చోబెట్టినవాడు ఒక్కడూ కనపడడు. నా బాధ అదీ.

రెండోవాడు అపొల్లో. అలెక్సంద్రియ వాడు, గొప్ప వక్త, లేఖనాల్లో ఆరితేరినవాడు. ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు. కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ఆ సభలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు కూర్చుని ఉన్నారు. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్లగొడితే కొరింథు చేరి, అక్కడి నుంచి ఎఫెసు వచ్చినవాళ్లు. డేరాలు కుట్టుకుని బతికేవాళ్లు. వాళ్లు సభలో లేచి తప్పు పట్టలేదు. ఆయన్ని తమ దగ్గరకు పిలుచుకుని దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు. ఒకవైపు అలెక్సంద్రియ చదువు, ఒకవైపు సూదీ దారం పట్టిన చేతులు. చెప్పిన ఇద్దరిలో ఒకరు స్త్రీ. ఆ కాలంలో ఒక వక్తకు ఎంత నామోషీయో ఊహించుకోండి. అపొల్లో విన్నాడు. తర్వాత అకయకు వెళ్లి విశ్వాసులకు ఎంతో సాయపడ్డాడు.

అకయలోనే ఉంది కొరింథు. క్రీ.పూ. 146లో రోమన్లు నేలమట్టం చేస్తే, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టిన ఊరు. రెండు సముద్రాల నడుమ సన్నని నేల, అటొక రేవు, ఇటొక రేవు. అక్కడ స్థిరపడ్డవాళ్లలో ఎక్కువమంది బానిసత్వం నుంచి విడుదలై వచ్చినవాళ్లు. అందరూ పైకెక్కుతున్నవాళ్లే. అలాంటి ఊళ్లో చక్కగా మాట్లాడగలగడమే పెట్టుబడి. సంఘంలోకి కూడా అదే వచ్చింది. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి, నేను కేఫావాణ్ణి అని వర్గాలు కట్టారు. పౌలు తన పత్రికలో లోకజ్ఞానం గురించి అంత గట్టిగా రాసింది ఈ తగువు సందర్భంలోనే. చదువు మీద కోపంతో కాదు. గ్రీకులు జ్ఞానం వెతుకుతున్నారు, యూదులు సూచనలు అడుగుతున్నారు, మేం మాత్రం సిలువ వేయబడినవాణ్ణి ప్రకటిస్తున్నాం అన్నాడు. సిలువ ముందు నిలబడి మా వక్త గొప్ప అంటే మా వక్త గొప్ప అని కొట్టుకోవడం కుదరదని ఆయన భావం.

చిత్రమేమిటంటే, డేరాలు కుట్టేవాళ్ల దగ్గర తగ్గి నేర్చుకున్న మనిషి పేరు మీదే వీళ్లు జెండా ఎత్తారు. మనం తక్కువ తిన్నామా? మా అయ్యగారి ఛానెల్, మీ అయ్యగారి ఛానెల్ అని వాట్సాప్ గ్రూపుల్లో మీరు పెట్టుకునే పోట్లాటలు నేనూ చూస్తుంటాను. ఒక్కటి అడుగుతాను. మీరు మోసే ఆ బోధకుణ్ణి పక్కకు పిలిచి, అయ్యా ఈ మాట సరికాదని చెప్పగల మనిషి ఆయన చుట్టూ ఒక్కడైనా ఉన్నాడా? మిమ్మల్ని అలా పిలిచి చెప్పగలవాడు ఉన్నాడా?

ఇప్పుడు నా సంగతి. చెప్పకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు లేదు.

ఇరవై ఆరేళ్ల వయసులో నేను ఒక రైసు మిల్లులో గుమాస్తాని. ధాన్యం గింజ పంటికింద పెట్టి కొరికితే ఎంత తేమ ఉందో ఇంచుమించుగా చెప్పేవాణ్ణి. తేమ ఎక్కువుంటే డెబ్బై అయిదు కిలోల బస్తాకు కిలోనో రెండు కిలోలో తరుగు తీయాలి. నేను కాటాలో ఎన్నడూ మోసం చేయలేదు. దొంగ త్రాసు గురించి సామెతల గ్రంథం పదేపదే హెచ్చరిస్తుందని సండే స్కూలు పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. నేను చేసిందల్లా బండ్లను ఆపడం. పొద్దున వచ్చిన బండిని సాయంత్రం దాకా చూసేవాణ్ణి కాదు. పొద్దుగుంకే వేళకు గింజ కొరికి, "తేమగా ఉంది, ఆరబెట్టుకుని తీసుకురా, లేదంటే తరుగు ఒప్పుకో" అనేవాణ్ణి. అద్దె బండి, ఆకలేస్తున్న ఎడ్లు, ఆకాశంలో మబ్బు. ఎవడు వెనక్కి తోలుకెళ్తాడు? ఒప్పుకునేవారు. కాటా ముల్లు అబద్ధం చెప్పలేదు, నేను గడియారంతో పని కానిచ్చాను. మిల్లు యజమాని నన్ను బుర్ర ఉన్నవాడనేవాడు.

ఆ మిల్లులో బస్తాలు మోసే ముఠాలో ఒకతను మన సంఘంవాడే. చదువు లేదు. ఒకరోజు అందరూ వెళ్లాక కొట్టు గుమ్మం దగ్గర ఆగాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "గుమాస్తాగారండీ, ఆ ముసలాయన బండి పొద్దున్న పదింటికే వచ్చిందండీ. మీరు అయిదింటికి చూశారు. ఏం అనుకోకండి, చెప్పాలనిపించిందండీ" అన్నాడు. అంతే. వాక్యం ఎత్తలేదు, నరకం అనలేదు. "నీ పని మోయడం, నా పని రాయడం" అన్నాను. తలగుడ్డ మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్లు అతనితో సరిగా మాట్లాడలేదు. ఆదివారం ఒకే చాప మీద కూర్చుని, ఒకే రొట్టె విరుచుకుని, మాట్లాడలేదు. ఒక ఆదివారం యాకోబు పత్రిక 3వ అధ్యాయం చెప్పమని నాకు అప్పగించారు. అతను వెనక వరసలో కళ్లు మూసుకుని వింటున్నాడు. ఇందాక నేను చెప్పిన ఆ గుణం దగ్గరకు వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. దగ్గు వచ్చినట్టు చేసి, నీళ్లు తాగి, తర్వాతి వచనానికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రం అతనింటికి వెళ్లి పాత మాట ఎత్తితే, "ఏ మాటండీ?" అని నవ్వాడు. నిజంగా గుర్తులేదో, లేనట్టు ఉన్నాడో నాకిప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి వచ్చిన బండిని వచ్చిన వరసలో చూశాను. కొన్నాళ్లకు నన్ను తవుడు లెక్కలకు మార్చారు. ఆ ఏడు జీతం పెరగలేదు. దైవజ్ఞానం వెంటనే లాభం తెస్తుందని మీకు చెప్పను. నేను నష్టపెట్టిన రైతులకు తిరిగి ఇవ్వడానికి వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు.

పెద్దవాళ్లు ఏం చెప్పినా జ్ఞానమేనని కూడా అనుకోకండి. యోబు దగ్గర కూర్చున్న ముగ్గురు స్నేహితులూ పెద్దవాళ్లే. చివరికి దేవుడు కోప్పడింది ఆ ముగ్గురి మీదనే. వయసు మీద పడితే వినడం ఇంకా కష్టమవుతుంది, తగ్గదు.

సొలొమోను గిబియోనులో దేవుణ్ణి అడిగింది వివేకమని మనం చెప్పుకుంటాం. హెబ్రీలో ఉన్న మాటను ఉన్నట్టు తీసుకుంటే ఆయన అడిగింది "వినే హృదయం". ఒకే బిడ్డ కోసం ఇద్దరు తల్లులు వచ్చినప్పుడు ఆ హృదయం పనిచేసింది. ముసలితనంలో అదే హృదయం దేవుడు రెండుసార్లు ప్రత్యక్షమై చెప్పినా వినలేదు. కొడుకు రెహబాము మూడు రోజులు గడువు తీసుకుని, పెద్దల సలహా విని, పక్కన పెట్టి, పన్నెండు గోత్రాల్లో పదింటిని పోగొట్టుకున్నాడు. అడిగి తెచ్చుకున్న వరం కూడా రోజూ అడుగుతుంటేనే నిలుస్తుందేమో. జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగాలనీ, అడిగినందుకు ఆయన ఎత్తిపొడవడనీ యాకోబు తన పత్రిక మొదట్లోనే రాశాడు.

కాబట్టి, ప్రశ్న అడిగిన అబ్బాయీ, నాన్న చెప్పింది నేర్చుకో. పాస్టరుగారు చెప్పింది మరిచిపోకు. లెక్కలు తెలిసినవాడివి కావాలి, బండి పదింటికే వచ్చిందని ఎవరైనా చెబితే గడియారం చూసుకునేవాడివి కావాలి.

ఈ ఉత్తరంలో నేను పొరపడ్డ చోట్లు ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కిందకు పిలిచి చెప్పండి. ఎడమ చెవి బాగా మందగించింది. కుడివైపు నిలబడి చెప్పండి.

మీ క్షేమం కోరే,
సంఘ పెద్ద, మీ తాతగారు