బీరు కోసం బెల్జియం... బయల్దేరే ముందు!

ప్రపంచంలోకెల్లా గొప్ప బీరు మీదేనని పేరొస్తే ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? మర్నాడే ఇంకో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేస్తుంది. ఊరూరా హోర్డింగులు పెట్టిస్తుంది. బెల్జియంలోని వెస్ట్‌వ్లెటెరెన్ అనే పల్లెలో ఉన్న సింట్ సిక్స్‌టస్ మఠం సన్యాసులు మాత్రం అలాంటివేమీ చేయలేదు. 2005లో బీరు అభిమానుల ఓటింగులో వాళ్ల ‘వెస్ట్‌వ్లెటెరెన్ 12’కి ప్రపంచంలోనే మొదటి స్థానం దక్కింది. అంతే... మఠం దారిలో కార్లు బారులు తీరాయి. ఉన్న సరుకు ఊడ్చుకుపోయింది. అయినా ఎక్కువ కాయడానికి సన్యాసులు ఒప్పుకోలేదు. తాము మఠవాసులమే తప్ప వ్యాపారులం కాదనీ, మఠం గడవడానికి ఎంత అవసరమో అంతే కాస్తామనీ తేల్చి చెప్పేశారు.

బీరు కోసమే బెల్జియం వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. అక్కడ జేబులో యూరోలుంటే చాలదు, చేతిలో క్యాలెండరు కూడా ఉండాలి. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చూసుకోకుండా విమానం ఎక్కితే, లక్షలు ఖర్చుపెట్టి మూసిన గేట్ల ముందు ఫొటోలు దిగి రావాల్సిందే!

చిన్న దేశం అది. తెలంగాణలో మూడు బెల్జియంలు పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. జనాభా కోటీ ఇరవై లక్షలకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న చోట దాదాపు 1500 రకాల బీర్లు తయారవుతున్నాయి. ఆ దేశపు బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. చిత్రమేమిటంటే, అదే ఏడాది అదే జాబితాలోకి మన యోగా కూడా ఎక్కింది. మన వాళ్ల యూరప్ ప్యాకేజీ టూర్లలో మాత్రం బెల్జియానికి దక్కేది పూటో, రోజో. ప్యారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే దారిలో బ్రస్సెల్స్‌లో బస్సు ఆపి, ఓ బొమ్మ దగ్గర ఫొటో, ఓ చాక్లెట్ డబ్బా... మళ్లీ బస్సు. బీరు యాత్రకు అది కుదరదు. కనీసం వారం చేతిలో పెట్టుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి? మనకు సెలవులు దొరికేది మే నెలలో. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఇంట్లో దోసెల పిండి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. అందులో ఎవరూ ఈస్టు కలపరు. లొట్టిలో కల్లు పులిసేదీ అలాగే. బ్రస్సెల్స్‌లోనూ, దాని పక్కన సెన్నె నది లోయలోనూ తయారయ్యే ‘లాంబిక్’ బీరు కథ కూడా ఇదే. మిగతా బీర్లన్నిటికీ ఏరి కోరి పెంచిన ఈస్టు వేస్తారు. లాంబిక్‌కు వేయరు. గోధుమలు, బార్లీ మాల్టుతో కాచిన వేడి ద్రవాన్ని పెద్ద పళ్లెం లాంటి లోతులేని తొట్టెలో పోసి, రాత్రంతా ఆరబెడతారు. గాలిలో ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా వాటంతటవే వచ్చి చేరతాయి. తర్వాత చెక్క పీపాల్లోకి చేర్చి నెలలు, ఏళ్లు వదిలేస్తారు. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల వయసున్న లాంబిక్‌లను పాళ్లు చూసి కలిపి, సీసాల్లో మరోసారి పులియనిస్తే అది ‘గూజ్’. పుల్లటి చెర్రీ పళ్లు వేసి నానబెడితే ‘క్రీక్’. మొదటి గుక్కకి చింతకాయ కొరికినట్టు ముఖం ముడుచుకుపోతుంది. మూడో గుక్కకి కొందరు దానికి దాసోహం అంటారు, మిగతావాళ్లు గ్లాసు పక్కన పెట్టేస్తారు. మధ్యేమార్గం తక్కువే.

ఈ విద్యను చూడాలంటే బ్రస్సెల్స్‌లోని కాంటియాన్ బ్రూవరీకి వెళ్లాలి. 1900లో మొదలైన కుటుంబ వ్యాపారం. 1978 నుంచి మ్యూజియం కూడా నడుపుతోంది. బ్రస్సెల్స్ మిడి రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. లోపల పీపాల మధ్య సాలెగూళ్లు వేలాడుతుంటాయి. ఎవరూ దులపరు. పళ్ల వాసనకు మూగే పురుగుల్ని సాలీళ్లు తినేస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకూడదన్నది అక్కడి ఆచారం. మన ఇళ్లలో ఈ మాట చెప్పి బూజుకర్ర తప్పించుకోగలమా!

చిక్కు ఏమిటంటే, ద్రవం రాత్రికి రాత్రే చల్లారాలంటే బయట చలి ఉండాలి. వేడి రాత్రుల్లో అక్కర్లేని సూక్ష్మజీవులు చేరి బీరును పాడుచేస్తాయి. అందుకే అక్టోబరు ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకానే కాస్తారు. ఆ చలీ ఇప్పుడు నమ్మకంగా రావడం లేదు. 2015 నవంబరులో రాత్రులు వెచ్చగా ఉండటంతో కాంటియాన్ వాళ్లు కాయడం కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లకు పీపాలు కనిపిస్తాయి, రుచి దొరుకుతుంది, పొగలు కక్కే తొట్టె మాత్రం కనిపించదు. అది చూసి తీరాలంటే పిల్లల బడి సంగతి తేల్చుకుని చలికాలంలో వెళ్లాలి. హాప్స్ తోటలు చూడాలనుకునేవాళ్లకు సెప్టెంబరు మంచిది. పోపెరింగ చుట్టుపక్కల అది కోతల కాలం.

ఇక మఠాల సంగతి. సీసా మీద ట్రాపిస్ట్ ముద్ర పడాలంటే మూడు షరతులు. మఠం ఆవరణలోనే కాయాలి, సన్యాసుల పర్యవేక్షణ ఉండాలి, లాభం మఠం పోషణకూ సేవా కార్యక్రమాలకూ పోవాలి. బెల్జియంలో ఆ అర్హత ఉన్నవి ఇప్పుడు అయిదు... వెస్ట్‌మాల్, వెస్ట్‌వ్లెటెరెన్, షిమే, రోష్‌ఫోర్, ఓర్వాల్. మొన్నమొన్నటిదాకా ఆరు. ఆరోది అహెల్. అక్కడ మిగిలిన కొద్దిమంది సన్యాసులూ వెళ్లిపోవడంతో 2021లో ఆ ముద్ర పోయింది. బ్రూవరీ ఆగలేదు. 2023లో మఠం స్థలంతో సహా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. కొత్తగా సన్యాసంలోకి వచ్చే కుర్రాళ్లు యూరప్‌లో కరవైపోతున్న రోజులివి. ‘ఈసారి కాకపోతే పదేళ్ల తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేయదగిన పేర్లు కావు ఇవి.

అయితే, మఠానికి వెళ్లి తలుపు తడితే లోపలికి రమ్మంటారనుకోవద్దు. అవి ప్రార్థనాలయాలు. వెస్ట్‌వ్లెటెరెన్ బ్రూవరీలోకి సందర్శకులను రానివ్వరు. బీరు పెట్టెలు కావాలంటే ఒకప్పుడు ఫోన్ కలిసేదాకా గంటలకొద్దీ నొక్కుతూ కూర్చోవాల్సి వచ్చేది. 2019 నుంచి ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుని, వాళ్లిచ్చిన సమయానికి వెళ్లి తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది. వారం రోజుల యాత్రికుడికి అది జరిగే పని కాదు. తేలిక దారి ఒకటుంది. మఠానికి ఎదురుగా ‘ఇన్ డె వ్రెదె’ అనే కెఫే ఉంది. అక్కడ కూర్చుని తాగొచ్చు. వారంలో అది మూసే రోజులున్నాయి. బ్రస్సెల్స్ నుంచి పోపెరింగకు రైల్లో రెండు గంటల ప్రయాణం, అక్కడి నుంచి సైకిలో, ట్యాక్సీయో. ఇంతా చేసి మూసిన కెఫే ముందు నిలబడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముందే కనుక్కుని ఆ రోజును మొదట ఖాయం చేసుకోవాలి. మిగతా రోజుల్ని దాని చుట్టూ సర్దుకోవచ్చు.

ఓర్వాల్ బ్రూవరీ తలుపులు ఏడాదిలో ఒకటి రెండు రోజులే తెరుస్తారు, అదీ ముందుగా పేరు ఇచ్చుకున్నవాళ్లకు. పాత మఠం శిథిలాలను మాత్రం మామూలు రోజుల్లోనూ చూడొచ్చు. ఓర్వాల్ సీసా మీద నోట ఉంగరం కరచుకున్న చేప బొమ్మ ఉంటుంది. ఓ రాచమహిళ ఉంగరం ఊటలో జారిపోతే, చేప తెచ్చి ఇచ్చిందని అక్కడి కథ. శకుంతల కథ తెలిసిన మన పిల్లలకు అది చెబితే ఎంత సంబరపడతారో!

కారు అద్దెకు తీసుకోవడం కన్నా రైళ్లే మేలు. మరీ మారుమూల మఠాలకు తప్ప, అన్నిచోట్లకీ రైలుంది. లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాలు దాటితే డ్రైవింగ్ నేరం. అక్కడి బీర్లతో ఆ గీత ఇట్టే దాటిపోతారు. మన దగ్గర ‘స్ట్రాంగ్’ అని అమ్మే బీరు 8 శాతం మించదు. వెస్ట్‌వ్లెటెరెన్ 12లో 10.2 శాతం, రోష్‌ఫోర్ 10లో 11.3 శాతం. పేరులో ఉన్న అంకెకూ ఈ శాతానికీ సంబంధం లేదు, మోసపోవద్దు. ఇక్కడిలా పెద్ద సీసా ఎత్తి గటగటా తాగే పద్ధతి అక్కడ పనికిరాదు. జున్ను ముక్కలు పక్కన పెట్టుకుని, ఒక గ్లాసుతో గంట గడిపేవాళ్లే ఎక్కువ. రైళ్లలో ఇంకో తికమక... ఒక్కో ఊరికి రెండేసి పేర్లు. ఫ్రెంచి వాళ్ల మోన్స్, ఫ్లెమిష్ ప్రాంతపు బోర్డు మీద బెర్గెన్ అవుతుంది. టూర్నే కాస్తా డోర్నిక్. రెండూ రాసి పెట్టుకుంటే సరి.

ఇంటిల్లిపాదీ వెళ్తే తాగనివాళ్ల గతేమిటి? వాళ్లకు బ్రూజ్ ఉంది. కాలువల మీద పడవలు, వీధివీధినా చాక్లెట్ దుకాణాలు. ఆ ఊళ్లోని ‘డె హాల్వె మాన్’ బ్రూవరీ, పాత వీధుల్లో ట్యాంకర్లు తిప్పలేక 2016లో ఊరి అడుగున మూడు కిలోమీటర్లకు పైగా బీరు పైపులైను వేసింది! ఆ ఖర్చుకు చందాలిచ్చినవాళ్లలో కొందరికి జన్మంతా బీరు ఉచితం. ఘెంట్‌లోని ‘డుల్లె గ్రీట్’ బారులో 1.2 లీటర్ల పొడుగు గ్లాసు అడిగితే, ముందు కాలి బూటు ఒకటి విప్పి ఇమ్మంటారు. దాన్ని బుట్టలో వేసి పైకప్పు దాకా లాగేస్తారు. గ్లాసు తిరిగి ఇస్తేనే బూటు. బ్రస్సెల్స్‌లోని ‘డెలీరియం కెఫే’ 2004లో 2004 రకాల బీర్లతో గిన్నిస్‌కెక్కింది. అంకెల సరదా బావుంది గానీ, అంత పొడవు మెనూ ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచదు. కాంటియాన్‌కు వెళ్లగలిగినవాళ్లు దీన్ని వదిలేసినా నష్టం లేదు.

షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్యారిస్‌లో దిగినా సరే, ఎక్కువ రాత్రులు బెల్జియంలో ఉంటే బెల్జియానికే దరఖాస్తు చేయాలి.

తిరుగు ప్రయాణంలో మనిషికి రెండు లీటర్ల మద్యమే కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు. బీరైనా, వైనైనా అదే లెక్క. అక్కడి బీరు సీసా సాధారణంగా 330 మిల్లీలీటర్లు. అంటే సరిగ్గా ఆరు సీసాలు. ఏ ఆరు అన్నది బ్రస్సెల్స్‌లో ఆఖరి సాయంత్రం తేల్చుకోవాలి. చేతిసంచీలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు కాబట్టి సూట్‌కేసులో, చలికోట్ల మడతల మధ్య సర్దుకోవడమే.